ఇరవై నిమిషాల పరీక్ష

మన మాస్తి ఇంట్లో తొలి డాక్టరు కాబోతా ఉండేది మా చిన్నాయన కూతురు. కోలారు పక్కన టమకలో, 1986లో మొదలైన శ్రీ దేవరాజ్ అర్స్ వైద్య కళాశాలలో నాలుగున్నర ఏండ్లు చదివింది. ఇప్పుడు ఏడాది హౌస్ సర్జన్. విభాగం మారేకొద్దీ పని మారుతుంది, నిద్ర మాత్రం ఎక్కడా చాలదు. "తిన్నావా పాపా?" అని మా అవ్వ ఫోన్ చేస్తే, "నిన్ననా, ఈ పొద్దునా?" అని అడుగుతుంది.

పాముకాటు కేసుల గురించి చెప్పినప్పుడే దాని పని బరువు నాకు తెలిసింది. గడ్డి కోసేటప్పుడో, రాత్రి చేనికి నీళ్ళు కట్టేటప్పుడో కాటు పడినవాళ్ళు వస్తారు. రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసి, శుభ్రమైన, తడిలేని గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టాలి. తర్వాత వంచి చూడాలి. గడ్డ కట్టకుండా జారితే, రక్తపింజరి లాంటి పాము విషం ఎక్కినట్టు. విరుగుడు మందు వెంటనే మొదలుపెట్టాలి. గడ్డ కట్టినా వదిలేసేది లేదు, మళ్ళీ మళ్ళీ చూడాలి. నేను సాఫ్ట్‌వేర్ పరీక్షించేవాణ్ణి. నా పరీక్ష ఆలస్యమైతే ఎవరి ప్రాణమూ పోదు.

ఆ 20 నిమిషాలూ రోగితో మాట్లాడతానే ఉండాలి. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పని చేస్తుంది, నెత్తురు మామూలుగానే గడ్డ కడుతుంది. దాన్ని మనిషిని అడిగి, చూసి కనిపెట్టాల్సిందే.

ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇంట్లో తెలుగే. ఒక రాత్రి ఒక ముసలామె, కన్నడంలో ఏం అడిగినా తల ఊపతా ఉండిందంట. చెల్లెలు పక్కన కూర్చుని, "అవ్వా, ఆ దీపం ఒకటి కనిపిస్తా ఉందా, రెండా?" అనింది.

"రెండు పాపా."

వెంటనే సీనియర్‌ని పిలిచింది. మందు మొదలైంది. మూడో నాడు ఆ అవ్వ లేచి కూర్చుని, "మీది ఏ ఊరు?" అని అడిగిందంట.

చెల్లెలికి తెలుగు చదివేది రాదు. మా చిన్నమ్మ వంటింట్లో మాట్లాడిన తెలుగే దానికి తెలిసింది. మన మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటి భాష తమిళం, ఆయన కన్నడంలో రాసి 1983 జ్ఞానపీఠం తెచ్చుకున్నారు. ఇంటి మాట ఉంటే బయటి భాష రాదని పిల్లల దగ్గర తెలుగు మానేస్తా ఉండేవాళ్ళు ఇది ఆలోచించండి.

ఇంకొకటి. పాము కరిస్తే బిగించి కట్టొద్దు, కోయొద్దు, నాటు మందు పూయొద్దు. కాటు పడిన చేయి, కాలు కదపనీయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి. ఇది కూడా ఇంట్లో అందరికీ తెలుగులోనే చెప్పండి.