పాడుదీవిలో చిన్నాయన

పిల్లల చేతి సెల్‌ఫోనును గూర్చి తల్లులెల్లరు చేయు ఫిర్యాదునే మేమును చాల కాలము చేసితిమి. ఇప్పుడు చెప్పబోవునది ఆ తరువాతి సంగతి.

2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడెను. మా వారు ఉపాధ్యాయులు. బీర్కూరులో బడిగంట వినబడక మాకు ప్రొద్దే తెలియకుండెను. ఆ నెలలోనే విదేశముల విమానములును నిలిచిపోగా, వేసవికి రావలసిన మా మరది దుబాయిలో చిక్కుకొనెను. అతడును, పదునారేండ్ల మా అబ్బాయియును రాత్రి తొమ్మిదింటికి, అనగా అక్కడి యేడున్నరకు, పబ్జీ యను ఆటలో కలసికొనుచుండిరి.

ఆట యెట్టిదనగా, ఎరాంజెల్ అను దీవి యొకటి కలదు. విషాయుధశాలపై దాడి జరిగి జనులు దానిని విడిచిపోయిరని కల్పన. నూర్గురు విమానమునుండి వట్టిచేతులతో దిగి, పాడుపడిన యిండ్లలో దొరకిన తుపాకులు ఏరుకొని చంపుకొందురు. చుట్టును నీలివలయ మొకటి బిగిసికొనుచు వచ్చును. తుదకు మిగిలిన జట్టుదే గెలుపు. తండ్రిగారి యొద్ద తిక్కనగారి భారతము చదువుకొన్న మాకు మౌసలపర్వము జ్ఞప్తికి వచ్చెను. యాదవులును సముద్రతీరమున చేతికందిన తుంగ పెరికికొనియే గదా కొట్టుకొని చచ్చిరి! ఆ మాటయే చెప్పి అబ్బాయిని చీవాట్లు పెట్టితిమి. "వాళ్లకు జట్టు లేదమ్మా" అనెను వాడు. వృష్ణులు, అంధకులు అని జట్టులుండెననుకొంటిమి గాని, వాని భావము వేరు.

ఒక రాత్రి చెవిలో పెట్టుకొను తీగ తెగుటచే మాటలు బయటికి వినబడెను. మేము చేటలో బియ్యము బాగుచేయుచుంటిమి. నలుగురి జట్టులో మా మరది బొమ్మ గుండు తగిలి కూలెను. ఇందు కూలినవాడు వెంటనే చావడు. మోకాళ్లపై ప్రాకుచుండును. తోడివాడు దగ్గర నిలిచి కొన్ని క్షణములు కదలకున్న లేచును. ఆ క్షణములలో లేపువాడు తుపాకి పేల్చలేడు. వలయము మీదికి వచ్చుచున్నది. "వదిలెయ్ రా!" అని తక్కిన యిద్దరు కేకలిడిరి. అబ్బాయి వెనుకకు పరుగెత్తి చిన్నాయనను లేపెను. ఆ యిద్దరును చచ్చి ఆట విడిచిపోయిరి. వీరు గోడ చాటున దాగిరి. అప్పుడు మా మరది మెల్లగా అనెను: "మూడు నెలలైందిరా జీతం రాక. అన్నకు, వదినెకు చెప్పకు."

ప్రతి ఆదివారము ఫోనులో "బాగున్నా వదినె" అనువాడు!

చేట క్రింద పెట్టితిమి. మా వారు ఆ రాత్రియే అతనితో మాటలాడి, అక్కడనున్న మన జిల్లావారి చేత కొంత సొమ్ము ఇప్పించిరి. అది మొదలు తొమ్మిది కొట్టగానే "చిన్నాయన వచ్చినాడేమో చూడరా" అనునది మేమే.

సెప్టెంబరు 1న టీవీలో పాఠములు మొదలాయెను. మరునాడే కేంద్రప్రభుత్వము 118 యాప్‌లను నిషేధించెను. అందు పబ్జీయు నుండెను. అక్టోబరు 30తో ఆట పూర్తిగా ఆగిపోయెను. ఎందరో తల్లులు సంతోషించిరి. దేశభద్రత కొరకని ప్రభుత్వము చెప్పినది, కాదనుటకు మేమెవ్వరము? మాకు మాత్రము వీధి తలుపు మూసినట్లయ్యెను. 2021 జులైలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అను పేర అదే ఆట తిరిగి వచ్చెను గాని, అది మన దేశమువారికే. దుబాయిలో ఆడు పబ్జీ వేరు. ఆ దీవియు ఈ దీవియు కలియవు.

మా మరదికి మరియొక చోట పని దొరకినది. ఆదివారము ఫోను చేసి "బాగున్నా వదినె" అనును. "గోడ చాటున చెప్పినట్లు చెప్పు" అందుము. నవ్వి, నిజాంసాగరు నీళ్లు వదలినారా అని అడుగును.