నీటి చిత్రములు

తనకల్లువంటి మెట్టసీమలో నుండి నీటిని చిత్రింపబూనుట కొందఱికి వింతగా దోచును. పూర్వపు అనంతపురము జిల్లాలో ఏటి వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నందికొండల కడ బుట్టి మా సీమ మీదుగా పెన్నను జేరబోవు పాపాఘ్ని యేడాదిలో పెక్కు దినములు ఇసుకయే. ఐనను నీరు అరుదగుటచేతనే కన్ను దానిని మఱువదు. చెఱువు మరువ పారిన యేట ఊరంతయు కట్టమీదికి వచ్చును. చిత్రలేఖనమును వృత్తిగా గాక సెలవుదినముల వ్యాసంగముగా జేసికొన్న మావంటివారికి ఆ కట్టయే పాఠశాల.

క్రొత్తగా నేర్చువారు నీరనగానే నీలము పూయుదురు. మా చెఱువు నీరు నీలము గాదు. క్రొత్తనీరు ఎఱ్ఱమట్టి కలిసి కావిరంగుగా నుండును; కట్టనీడ పడినచోట నల్లబడును; మబ్బు పడినచోట తెల్లబడును. కాళ్ళయొద్ద క్రిందికి జూచిన అడుగు కనబడును. దూరమున కానబడునది ఆకాశమే. హిందూపురమునకు జేరువనున్న లేపాక్షిలో, వీరభద్రాలయపు కప్పుమీద 16వ శతాబ్దిలో చిత్రించినవారు కావి, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపులతోనే దేవతలను మనుష్యులను నిలిపిరి. అందు నీలము దాదాపు కానరాదు. మట్టిరంగులు చాలునని మాకు ధైర్యము చెప్పినది ఆ కప్పే.

ఈతగాని గీయుట ఇంతకంటె కష్టము. నీరు వెలుగును వంచును. నాలుగు మూరల లోతు పైనుండి చూచువానికి మూడు మూరలుగా దోచును. నడుమువఱకు నీట నిలిచిన బాలుని కాళ్ళు పొట్టివై, అలతోపాటు వంకరలు తిరుగును. తెలిసిన కొలతలతో గాక, కన్నది కన్నట్లు గీసిననే బొమ్మ తడిసినట్లుండును. అమెరికా చిత్రకారుడు థామస్ ఈకిన్స్ 1885లో ముగించిన ఈతగాండ్ర చిత్రమునకై ముందుగా ఫోటోలు తీసి, చిన్న చిత్రములు వ్రాసికొనెను. మాకు కపిలబావి గట్టు చాలును. గొట్టపుబావులు వచ్చి అట్టివి పెక్కులెండినను, నీరున్న బావికడ బెండ్లు కట్టుకొని మెట్లపై జంకుచున్న తమ్ముడును, గట్టునుండి దుమికెడి అన్నయు నేటికిని గలరు.

ఇట్లు గీసిన కాగితములను ఒకనాడు వరుసగా పఱచి చూడగా ఒక సంగతి తేటపడినది. ఈదువారందఱు మగపిల్లలే. ఆడపిల్లలు గట్టుమీద బిందెతోనో, బట్టలమూటతోనో, తమ్ముని చొక్కాయి పట్టుకొనియో నిలిచియున్నారు. మన పురాణచిత్రములందును నీటిలోని స్త్రీ తఱచుగా సిగ్గుతో ముడుచుకొన్న గోపికయే గాని, చేతులు చాచి యీదు స్త్రీ కాదు. నీటికి పోవలసినది ఆడుబిడ్డ; కాలు జాఱినచో ఈదనేరనిదియు ఆమెయే. నిత్యము నీటితో పనియున్నవారికే నీటివిద్య నేర్పకుండుట ఏమి మర్యాద? అన్నకు ఆటయు ప్రాణరక్షయు నైన విద్య చెల్లెలికి తగనిదెట్లగును?

అది స్త్రీలకు చేతకాదనుట చెల్లదు. 1959లో ఆరతీ సాహా ఇంగ్లీషు ఛానలును ఈదెను. ఆసియా స్త్రీలలో ఆమెయే మొదటిది. మన తెలుగు మహిళ గోలి శ్యామల నలువదియేండ్లు దాటిన పిదప ఈత నేర్చి, 2021లో శ్రీలంకకును రామేశ్వరమునకును నడుమనున్న పాక్ జలసంధిని ఈది దాటెను. మన బిడ్డలు సముద్రములు దాటనక్కఱలేదు. బావిలో పడిన గట్టెక్కగలిగిన చాలును. అందులకు గొప్ప కొలను కట్టనక్కఱలేదు. బెండ్లు, గట్టి త్రాడు, కాళ్ళకు చుట్టుకొనని దుస్తులు, ఆడపిల్లలకు ప్రత్యేకముగా ఒక వేళ, ప్రక్కన ఈత తెలిసిన పెద్దలు—ఇవి యున్న జాలును. ఇందు ముఖ్యమైనది కడపటిది. అది లేనిదే ఏ బిడ్డను నీటికి బంపరాదు.

మా బొమ్మలకు మెప్పు కోరము. తల్లిదండ్రులను వేడునదొక్కటే: ఈమాఱు చెఱువు నిండిననాడు గట్టుమీద బిందె మాత్రముండి, దానిని దెచ్చిన చిన్నది నీటిలో నిర్భయముగా ఈదుచున్న చిత్రమును మాచేత వ్రాయింపుడు.