డీఎన్ఏ కథ మన మడి దాకా రాదా?

మా మేనకోడలు బడి పోటీకి డీఎన్ఏ చరిత్ర మీద వ్యాసం రాసింది. కోరుట్లలో తొమ్మిదో తరగతి. "మామా, జర చూడవా" అని నా చేతిలో పెట్టింది.

ఎంత బాగా రాసిందో!
1953లో డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టిన వాట్సన్, క్రిక్ ఉన్నారు. 1952లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ల్యాబులో తీసిన డీఎన్ఏ ఎక్స్‌రే ఫొటోకి విడిగా ఒక పేరా. ఫ్రాంక్లిన్ 1958లోనే పోయిందని, నోబెల్ మిగతావాళ్లకి 1962లో వచ్చిందని రాసింది. ఆ పేరా దగ్గర నా మనసు ఆగిపోయింది.

కానీ కథంతా ఇంగ్లండ్‌లోనే అయిపోయింది.

"మనం తినే సాంబ మసూరిలో కూడా ఈ కథ ఉంది బిడ్డా" అన్నా.

సాంబ మసూరికి ఎండాకు తెగులు పడితే ఆకు కొస నుంచి అంచుల వెంబడి పసుపెక్కి గడ్డిలా ఎండిపోతది. మందు కొట్టినా పెద్దగా లాభం ఉండదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులున్న వరితో సాంబ మసూరిని సంకరం చేశాయి. ప్రతి తరంలో లేత ఆకు ముక్క తెంపి, డీఎన్ఏ చూసి, కావాల్సిన జన్యువులున్న మొక్కల్నే ఉంచుకున్నారు. ఆ మూడింటిలో ఒక జన్యువు ఆఫ్రికా అడవి వరిది! 2008లో మెరుగైన సాంబ మసూరి వచ్చింది. ఎంత ఓపిక ఉండాలి చెప్పండి.

మన జగిత్యాల సన్నాలు అనే వరి రకం పుట్టిన పొలాస పరిశోధన స్థానం కూడా మన జగిత్యాల దగ్గరే కదా. ఇవన్నీ పిల్లలకి అందేలా తెలుగులో రాయాలి.

జగిత్యాల, సిరిసిల్ల సైన్స్ టీచర్లూ, మీ క్లాసులో ఈ కథ చెప్తారా?
మెరుగైన సాంబ మసూరి వేసిన రైతులుంటే కింద రాయండి. పాప మిమ్మల్ని చాలా అడగాలంటోంది.