దిండి దారిలో... ఓ పెన్ను కథ

దిండి అనగానే గుర్తొచ్చేవి కొబ్బరితోటలు, వశిష్ఠ గోదావరి, నీళ్లమీద తేలే పడవ ఇల్లు. ఆ వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుంటే ఎంతటివారికైనా నాలుగు ముక్కలు రాసుకోవాలనిపిస్తుంది. అందుకు తగిన పెన్ను దారిలోనే దొరుకుతుంది. దిండికి రైల్లో వచ్చేవారు చాలామంది రాజమండ్రిలో దిగుతారు (2015 నుంచి రాజమహేంద్రవరం అనుకోండి, జనం నోట మాత్రం పాతపేరే). జొన్నాడ దగ్గర గౌతమి దాటి కోనసీమలో అడుగుపెట్టేముందు ఓసారి కోటగుమ్మం వైపు వెళ్తే సరి. రత్నం పెన్నుల ఊరు ఇదే మరి!

కోసూరి వెంకటరత్నం నగల అచ్చులు చేయడంలో చెయ్యి తిరిగినవాడు. 1921లో గాంధీజీని కలిసినప్పుడు, సామాన్యులకు రోజూ పనికొచ్చే వస్తువేదైనా చేయమని ఆయన సలహా ఇచ్చారని చెబుతారు. 1932 నాటికి రత్నం పెన్నులు చేయడం మొదలుపెట్టాడు. జె.సి.కుమారప్ప ద్వారా ఒకటి గాంధీజీకి చేరింది. బజార్లో దొరికే విదేశీ పెన్నులకు ఇది చక్కటి ప్రత్యామ్నాయంలా ఉందని 1935 జులైలో మహాత్ముడు ఉత్తరం రాశారు. ఇంతకన్నా గొప్ప ప్రకటన ఏ కంపెనీకి దొరుకుతుంది?

ఇక్కడ పెన్ను పుట్టేది ఎబొనైట్‌ కడ్డీలోంచి. రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడి తయారయ్యే పదార్థమది. కడ్డీని ముక్కలు కోసి, లేత్‌ మిషను మీద తిప్పుతూ చెక్కుతారు. లోపల తొలుస్తారు. మూతకు మరలు తీస్తారు. అవి ఏమాత్రం వదులైనా సిరా జేబు పాలే! పాళీ కింద నాలుకలా ఉండే ముక్కదే అసలు పని. సిరా కిందికి దిగాలంటే గాలి పైకి పోవాలి. అందుకు దానిమీద సన్నటి గాడి ఉంటుంది. అది సరిగ్గా కుదరకపోతే పెన్ను మొరాయిస్తుంది, లేదా కక్కుతుంది. ఆఖర్న చేత్తో మెరుగు. వేళ్లకు తగ్గట్టు లావో సన్నమో ఎంచుకోవచ్చు. పేరూ చెక్కించుకోవచ్చు.

తయారుచేసినవారి పేరే వస్తువుకు పేరైపోవడం అమెరికాలోనూ ఉంది. మసాచుసెట్స్‌లోని గ్రాఫ్టన్‌లో విలార్డ్‌ అన్నదమ్ములు నలుగురూ గడియారాలు చేసేవారు. వారిలో సైమన్‌ 1802లో పేటెంట్‌ పొందిన గోడ గడియారం చాలా ప్రసిద్ధి. అయితే 1807లో ఎలై టెర్రీ అనే ఆయన నాలుగువేల చెక్క గడియారాలకు ఒప్పందం చేసుకుని, నీటిచక్రంతో నడిచే మిషన్లమీద మూడేళ్లలో పూర్తిచేశాడు. చవక గడియారం ఇంటింటికీ చేరింది. చేతిపని వెనకబడింది. విలార్డ్‌ల ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

ఇక్కడ టెర్రీ పాత్ర బాల్‌పెన్నుది. రీఫిల్లు అయిపోతే పారేసే కాలంలో, డ్రాపర్‌తో సిరా పోసుకునే ఓపిక ఎందరికుంది? అయినా రత్నం పెన్ను మ్యూజియానికి వెళ్లలేదు. ఇంకా కొంటున్నారు, రాస్తున్నారు. కాకపోతే లేత్‌ ముందు కూర్చుని ఈ పని నేర్చుకునే కుర్రాళ్లు కావాలి. కొనేవాళ్లకన్నా ఆ కొరతే పెద్దది.

పెన్ను తీసుకున్నాక రావులపాలెం, అమలాపురం, రాజోలు మీదుగా దిండికి రెండు గంటలకు పైనే ప్రయాణం. సిరా సీసాను బ్యాగులో నిటారుగా పెట్టుకోండి. కోనసీమ రోడ్లకు మలుపులు ఎక్కువ!