అమ్మ మోకాళ్లు

నలభై ఏళ్లు నాట్లు వేసిన అమ్మ ఇప్పుడు మందిరంలో మోకరించలేకపోతోంది. అందరూ మోకరిస్తే తానొక్కతే కూర్చోవడం ఆమెకు సిగ్గు.

హైదరాబాదు తీసుకొచ్చాను. 1998లో సైబర్ టవర్స్ లేచిన ఈ బండరాళ్ల నేల మీద నేడు ఎటుచూసినా క్లినిక్‌లే. బోర్డుల మీద ఒకటే మాట: హైల్యురోనిక్ ఆసిడ్.

ఎముకల డాక్టరుగారు ఓపికగా చెప్పారు. "అమ్మా, ఇది మీ కీళ్ల జిగురులో ఉన్నదే. 1934లో అమెరికాలో కార్ల్ మేయర్, జాన్ పామర్ పశువు కంటిలో కనుగొన్నారు. తరువాత కోడిపుంజు తురాయి నుంచి కూడా తీశారు."

అమ్మ నవ్వింది. "అయితే పండక్కి కోసినప్పుడల్లా మందు పారేశామన్నమాట!"

"ఎంతైనా సరే, సూది వేయండి" అన్నాను.

"కొందరికి కొన్ని నెలలు నొప్పి తగ్గవచ్చు. ఎక్కువమందికి ఆ మేలు కొంచెమే. అరిగిన మృదులాస్థి తిరిగి రాదు. ముఖానికి రాసే క్రీము కూడా పైపైన తేమ నిలుపుతుందంతే. ముందు రోజూ తొడ కండరాలకు వ్యాయామం చేయించండి."

డబ్బిచ్చి ఋణం తీర్చుకుందామనుకున్నాను. ఆయన నా సమయం అడిగారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మ కుర్చీలో కూర్చొని కాలు చాస్తుంది, నేను లెక్కపెడతాను. నొప్పి కొంత తగ్గింది. ప్రార్థన మాత్రం కుర్చీలోనే. "దేవుడు మోకాళ్లు చూస్తాడా, మనసు చూస్తాడా?" అంటుంది.

మీ ఇంటి పెద్దల మోకాళ్ల సంగతి ఈ ఆదివారం అడిగి చూడండి.