నొప్పి బిళ్ల కూడా మందేనమ్మా

కౌలు పొలాల్లో నాట్లు వేసి వేసి మోకాళ్లు అరిగిన మనిషి. అరవై దాటాయి. పాదాల వాపులతో వచ్చింది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ 3.2కి పెరిగి ఉంది. ఏం మందులు వాడుతున్నావమ్మా అంటే, బీపీ బిళ్ల ఒక్కటేనండి అంది.

"మరి మోకాళ్లకో?"

"అది మందు కాదండీ, ఉత్త నొప్పి బిళ్ల. మెడికల్ షాపులో ఇస్తారు. పొద్దునొకటి, రాత్రొకటి."

కొంగుముడి విప్పింది. డైక్లోఫెనాక్ అట్ట, అందులో నాలుగు బిళ్లలు మిగిలాయి. రెండేళ్లుగా అదే వాడకం. ఆమె బీపీ బిళ్లలో ఉన్నది టెల్మిసార్టాన్, దానికి తోడు నీరు పోయే మందు. ఈ మూడూ ఒక ఒంట్లో కలిస్తే కిడ్నీలోకి రక్తం వెళ్లే ఒత్తిడి పడిపోతుంది. పైకి ఏ బాధా తెలియదు. నొప్పి బిళ్ల మాన్పించాక క్రియాటినిన్ 1.8 దాకా దిగింది, అక్కడే ఆగింది.

ఇంకొకరు రిటైరైన మాస్టారు. డాలస్ నుంచి కొడుకు తెచ్చిన గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ డబ్బా బల్లమీద పెట్టి, "మోకాలి గుజ్జు మళ్లీ పెరుగుతుందా డాక్టరుగారూ?" అన్నారు. పెరగదనే చెప్పాను. అమెరికాలో 1,583 మంది మీద జరిపి 2006లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, మొత్తం మీద చూస్తే ఈ రెండూ ఉత్తుత్తి బిళ్లకన్నా మెరుగని తేలలేదు. గ్లూకోసమిన్‌ను ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచే తీస్తారు కాబట్టి అవి పడనివాళ్లు జాగ్రత్తపడాలి. వార్ఫరిన్ వాడేవాళ్లు అసలు ముట్టకపోవడం మంచిది, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

గుజ్జులో రక్తనాళాలు లేవు. దానికి పోషణ కీలులోని ద్రవం నుంచే అందాలి, ఆ ద్రవం లోపలికి ఇంకాలంటే కీలు కదలాలి. నొప్పని మంచానికి అతుక్కుపోతే తొడ కండ చిక్కిపోయి, భారమంతా మోకాలి మీదే పడుతుంది. అందుకే మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు చాపి పది లెక్కపెట్టేదాకా బిగబట్టించాను. ఆయన తొడ వణికింది. పూటకు పదిసార్లు చేయమన్నాను. ఒంటి బరువు ఒక్క కిలో తగ్గినా అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నొప్పికి ముందు పైపూత జెల్ వాడాలి, అది రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది. బిళ్ల తప్పనిసరైతే కొద్దిరోజులే, అదీ డాక్టరు చెబితేనే.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే ప్రతి బిళ్లా, పొడీ, షాపువాళ్లు కట్టిచ్చిన పొట్లం సహా సంచిలో వేసుకెళ్లండి. నొప్పి బిళ్లలు వాడుతుండగా మలం తారులా నల్లగా వస్తే మాత్రం ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.