సంగటి సీమలో ఒక బాట

అనంతపురము దిక్కునుండి కదిరి మీదుగా వచ్చు 42వ జాతీయ రహదారి మదనపల్లెను చేరునప్పటికి సముద్రమట్టమునకు ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున నుండును; అచ్చటినుండి పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోటల మీదుగా కుప్పము చేరి, తమిళసీమలోని కృష్ణగిరికి పోవు ఈ బాట పొడవునను జీవనదియన్నది లేదు. చెరువును, బావిని, ఆకాశమును నమ్ముకొన్న ఈ మెట్టనేలలో రాగి, ఉలవ, అనప, చెనిక్కాయ అను నాలుగు పంటలు ఏ వంటకములకు ప్రాణము పోసినవో, అవి నేటి ఊళ్ల హోటళ్లలో ఎచ్చట నిలిచినవో, ఎచ్చట మరుగుపడినవో చూడవలెనను కోరికతో ఈ బాట పట్టితిని.

మదనపల్లెలో దినము టమాటా మండీతో ఆరంభమగును. కొండసీమ చల్లదనము మూలమున, ఇతర ప్రాంతములలో ఎండలకు పైరు నిలువని వేసవిలోనే ఇచ్చట పంట విరివిగా వచ్చును. దేశపు నలుమూలలకు పోవలసిన లారీలు బారులు తీరును. 2023 జూలైలో కిలో ధర నూరు రూపాయలను మించి రెండువందల చేరువకు ఎగబ్రాకినదియు ఇచ్చటనే. ధర పడిన ఏడు కూలి ఖర్చైనను రాక కాయను దారిప్రక్కన పారబోసి రైతు ఇంటికి పోవుటయు ఇచ్చటి అనుభవమే. మండీ చుట్టునున్న టీ అంగళ్లును, టిఫిన్ అంగళ్లును ఆ వ్యాపారపు గడియారమునే అనుసరించును: హమాలీలు బరువులెత్తుటకు ముందే పెనము కాగవలెను, ఎర్రకారము పూసిన దోశ విస్తరిలో పడవలెను. అమెరికా ఖండమునుండి వచ్చిన ఆ కాయ నేడు ఈ సీమ పప్పులోను, పులుసులోను చింతపండుతో సమానపీఠము నెక్కినది. నాకందులకు ఆక్షేపము లేదు. డబ్బు తెచ్చు పైరును రైతు ప్రేమించుట సహజము. కాని ఆకలి తీర్చిన పైరును మరువరాదని మాత్రము నా మనవి.

1915లో స్థాపితమైన బీసెంటు దివ్యజ్ఞాన కళాశాల ఈ ఊరనే ఉన్నది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అచ్చట విడిది చేసి జనగణమనను ఆంగ్లమున అనువదించెను. ఆ కీర్తి అందరెరిగినదే గనుక దానిని దాటి పోవుదము.

పుంగనూరు పేరు చెప్పగనే మూడడుగుల ఎత్తైనను మించని ఆవు కన్నులయెదుట నిలుచును. సామాన్యపు టావుపాలలో వెన్న నూటికి మూడు నాలుగు పాళ్లుండగా, దీని పాలలో ఎనిమిది పాళ్ల వరకు ఉండునని చెప్పుదురు. గడ్డి తక్కువైనను బ్రదుకగల ఈ జాతి కరవుసీమకు ప్రకృతి ఇచ్చిన వరము. కాని సంకరజాతి ఆవుల విస్తారమైన పాడి వచ్చిన పిమ్మట ఇది క్షీణించి, పలమనేరులోని పశుపరిశోధనా కేంద్రము పూనుకొని కాపాడవలసిన స్థితికి వచ్చినది. ఊరి బస్టాండు దగ్గర త్రాగిన కాఫీ చిక్కగనే ఉన్నది. అయినను అందు ఆ ఆవు పాలు లేవు. పుంగనూరులో పుంగనూరు పాలు దొరకకపోవుట నాకు నిజముగా బాధ కలిగించినది.

పలమనేరులో ఈ బాటను బెంగుళూరు, చిత్తూరుల నడిమి పాతబాట ఖండించుచున్నది. ఉదయము ఏ హోటలు చూచినను ఇడ్లీ, పూరీ, వడలే. ఈ నేల పండించిన ధాన్యము ఒక్కటియు కానరాదు. మధ్యాహ్నమైన పిమ్మట గాని సంగటి అంగళ్లు తెరువవు. ఉడుకుచున్న నూకలపై రాగిపిండిని గుట్టగా పోసి, మగ్గనిచ్చి, కట్టెతో ఉండలు కట్టకుండ కెలికి, తడిచేతితో ముద్ద చేసి విస్తరిలో వేయుదురు. దానిలో గుంట చేసి నాటుకోడి పులుసు గాని, ఉలవచారు గాని పోసికొని, ప్రక్కన చెనిక్కాయల ఊరుబిండి పెట్టికొని, నమలక మ్రింగవలెను. “ఇంగో ముద్ద పెట్టేదా సామీ?” యని వడ్డించు ఆమె అడుగగా, “సగం చాలక్కా” యని చెప్పి పూర్తి ముద్దనే తినువారు పెక్కురు. మా చిన్ననాట చుట్టము వచ్చిన దినమున సంగటి కుండను చాటుచేసి వరియన్నము వండెడివారు. నేడు కారులు నిలిపి అదే ముద్దకు వేచియుందురు. ఈ మార్పు నాకు అమితానందకరము.

పలమనేరు దాటిన పిమ్మట కౌండిన్య అభయారణ్యపు సీమ. ఆ అంచు చేలలో రాగికి ఏనుగులు కూడ భాగస్వాములు. పంట చేతికి వచ్చు రాత్రులలో రైతు నిదుర మాని కావలి కాయును. ముద్ద వెల చెల్లించునప్పుడు ఆ జాగరణమును కూడ తలపవలెను.

ఈ సీమ వంటకములలో నేను అగ్రస్థానమిచ్చునది పితికిపప్పు. మంచు కురియు మాసములలో పచ్చి అనపకాయ నొలిచి, గింజలను రాత్రి నానవేసి, తెల్లవారి వ్రేళ్ల నడుమ ఒక్కొక్క గింజను పితుకగా తోలు చేతిలో నిలిచి లోపలి పప్పు ఎగిరి పడును. ఇంటిల్లిపాదియు కూర్చుండినగాని ఒక పూట కూరకు చాలినంత కాదు. కొబ్బరి, గసగసాలు, ధనియాలు నూరి పోసిన ఆ పులుసు సంగటితోను, దోశతోను సమముగా ఒప్పును. ఎల్లకు ఆవల కోలారు కన్నడిగులును దీనిని తమదే యనుకొందురు; పంట ఒక్కటియైనప్పుడు వంట ఇద్దరిదియు అగుట న్యాయమే.

కుప్పములో మూడు రాష్ట్రములు కలిసికొనుచున్నవి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము ఇచ్చట వెలసినది. రైలుస్టేషను ఎదుటి హోటలులో వడ్డించువాడు మాత్రము తెలుగు, తమిళ, కన్నడములను ఏ పట్టమును లేకయే పలుకుచున్నాడు. బెంగుళూరు పనులకు పోవువారు తెలవారకమునుపే ఇడ్లీ పొట్లములు గొని బండి యెక్కుదురు. మధ్యాహ్నము చిన్నగింజ జీరకసాంబ బియ్యముతో ఆంబూరు పద్ధతి బిరియానీ, దానికి తోడు పుల్లని వంకాయకూర. సాయంకాలము బేకరీలో కన్నడసీమ దిల్‌పసందు. ఇన్నింటి నడుమ సంగటి అంగడియు చెక్కుచెదరక నిలిచినది. అచ్చట పితికిపప్పు కావలసినవారు సంక్రాంతికి అటునిటుగా, పన్నెండు గంటలకే పోవలెను. ఆలస్యించినచో కోడిపులుసు మాత్రమే మిగులును.